కూరలో తగ్గించిన ఉప్పు

మల్కాపురం, విశాఖపట్నం.

అమ్మకు దండాలు. మేము బాగానే ఉన్నాం. ఫోనులో చెబితే ఆఁ, ఆఁ అని పెట్టేస్తావు కనుక కార్డు రాస్తున్నాను.

మీ అల్లుడి బీపీ తగ్గలేదు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాక, ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీదే రాసుకున్నాను. ఇరవై రోజుల్లో అయిపోయే కిలో ప్యాకెట్ రెండు నెలలు వచ్చింది. నా మాట నమ్మరేమోనని ఆ ప్యాకెట్టే ఆసుపత్రికి పట్టుకెళ్లాను.

నర్సమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "మరి అన్నం ఏటితో తింతన్నారు బాబూ?" అని ఆయన్ని అడిగింది.

"కూర సప్పగా ఉంతాది కదమ్మా. మా అత్త పంపిన ఎండుసేపలు రెండు పూటలా నంజుకుంతన్నాను. అందులో మాయావిడ సిటికెడుప్పు కూడా ఎయ్యలేదు!" అన్నారు.

"ఆవిడెయ్యలేదు. మీ అత్త దోసిళ్లతో ఏసింది!" అని నర్సమ్మ ఒకటే నవ్వు. రోజూ వేయించి పెట్టింది నేనే కనుక తలెత్తలేకపోయాను.

ఇకమీదట ఎండుచేపలు పంపకు. ఆయన ఫోన్ చేసి బతిమాలినా పంపకు. నువ్వూ మూడు పూటలా అవే తింటావు, కళ్లు తిరిగితే ఎండదెబ్బ అంటావు. ఈ వారమే బీపీ చూపించుకో. "బాగుందన్నారు" అని కబురు చెప్పకు. పై అంకె, కింది అంకె రెండూ కాగితం మీద రాయించి పంపు.

తమ్ముడి పడవ ఇంజను బాగయిందా? పిల్లలకు నా దీవెనలు.

ఈ కార్డు పోస్టులో వెయ్యమని మీ అల్లుడికి ఇవ్వడం లేదు. నేనే వెళ్లి వేస్తాను.

నీ కూతురు,
సూర్యకళ