రెక్క మీద మన చేను

అన్నయ్యా,

పొద్దుటి నుంచీ నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. అందుకే గుంటూరు వచ్చిన మన యలమంద చేతికిచ్చి ఈ చీటీ పంపుతున్నాను.

నేను చేస్తున్న బొమ్మ జెట్ విమానం నీకు తెలుసుగా. పైనుంచి చూస్తే మన ఊరి పొలాల్లో కలిసిపోయేట్టు దానికి రంగులెయ్యాలని, యలమంద మందు కొట్టే డ్రోన్‌తో తీసిన ఫొటో తెప్పించుకున్నాను. రేగడికి నలుపు, పత్తికి ఆకుపచ్చ వేశాను. ఎడమ రెక్క మీద తుప్పు రంగు పొలం ముక్క ఒకటి వచ్చింది. ఎవరిదో బీడనుకున్నాను. బ్రాడీపేట ల్యాబులో కట్టుడు పళ్లకి రంగు కుదిర్చే చేయి కదా, నాలుగుసార్లు కలిపి, అచ్చం అలాగే వచ్చిందని మురిసిపోయాను కూడా.

దాని మూలన తెల్ల చుక్క పెడుతుంటే చేయి ఆగిపోయింది. అది నాన్న కట్టించిన మోటారు షెడ్డు. అది మన మిరప చేను! నల్లతామర పురుగు తినేస్తే గానీ మిరప ఆ రంగుకి రాదు.

మొన్ననేగా "ఈ ఏడు విరగకాసిందమ్మా" అన్నావు. ఎట్లా అనగలిగావన్నయ్యా?

రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. పంట సంగతి అడగను. మిగిలిన పురుగుమందు డబ్బాలు మాత్రం అన్నీ ఇప్పుడే యలమందకిచ్చెయ్. వాడి డ్రోన్‌కి కావాలట.

నీ చెల్లెలు