పాత గది మెట్టు మీద

పత్తర్‌గట్టి వెనుక సందు,
హైదరాబాద్.
బోనాలకు ముందు బుధవారం.

చిరంజీవి సాగర్‌కు,

నీకూ మీ ఇంటిల్లిపాదికీ ఆగమ్మత్త దీవెనలు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. నేను బాగున్నాను. బాగున్నానని రాశాను గాని, అన్నం సయించడం లేదు. పొయ్యి ఆర్పానా లేదా అని లేచి చూస్తాను. గొళ్లెం పెట్టానా లేదా అని మళ్లీ లేస్తాను. ఉన్న ఫికర్లు చాలవన్నట్టు నీది ఒకటి వచ్చి చేరింది.

ఆదివారం నువ్వు మా గడప దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడావు. నేను తల ఊపాను. టీ తాగి సైదాబాద్ వెళ్లిపోయావు. సాయంత్రం కంప్యూటర్ తెరిస్తే మన చాట్ గదిలో నీ రాత కనబడింది. "ఆగమ్మత్త గూడ సరే అన్నది. ఇగ వచ్చే ఐతారం కొత్త సాఫ్ట్‌వేర్ ఇడుస్తం. పాత నెట్‌వర్క్ తీసేసి కొత్తది పెడుతం" అని అందరికీ చెప్పేశావు. బిడ్డా, నేను సరే అనలేదు. తల ఊపాను, అంతే. ఎందుకు ఊపావంటావా, అది చివర రాస్తాను, ధైర్యం వస్తే.

నాకు అర్థమైనంత చెబుతాను, తప్పైతే నవ్వకు. బస్తీ సెంటర్‌లో మీరిచ్చిన పాత కంప్యూటర్‌లో ఆ నీలం బొమ్మ నొక్కితే నేరుగా మన గదికి పోతాను. మన గది ఏ నెట్‌వర్క్‌లో ఉందో, ఎటు పోవాలో నేను చెప్పక్కర్లేదు, మీరు ముందే రాసిపెట్టారు. డిఫాల్ట్ అంటారు కదా. మీకు అది ఒక వరుస రాత. మాకు అదే దారి, ఇంకోటి ఉందని కూడా తెలియదు.

ఆ నెట్‌వర్క్ కొత్తవాళ్ల చేతికి పోయిందని చదివాను. మీతో కలిసి సాఫ్ట్‌వేర్ రాసే శ్రవణ్‌కుమార్, "తాళం ఎప్పుడేస్తరో ఎర్కలేదు, మన ముచ్చట్లు ఎవలు చదువుతున్నరో ఎర్కలేదు" అని రాశాడు. మాకు తెలుగు టైపు నేర్పిన బేబీ అయితే నన్ను ఆటపట్టిస్తూ రాసింది. "అందరు లేచి పోయిన్రు, ఖాళీ ఇంట్ల ఎన్ని దినాలు కూసుంటవే పెద్దమ్మా, కిరాయి మాఫ్ చేసిన్రా?" అని. నవ్వు వచ్చింది. మీరంతా అప్పుడే కొత్త నెట్‌వర్క్‌లో తెరిచిన గదికి పోయారట; పాత గదిలో చూస్తే పేర్ల వరసలో నాది ఒక్కటే మిగిలింది. నేను రాసిన మాట కింద నేను రాసిన మాటే.

నా బాధ యశోద గురించి. మున్సిపాలిటీ వీధులు ఊడ్చే పనిలో ఇద్దరం కలిసి చేరాం, కలిసే రిటైరయ్యాం. తమ్ముడి దగ్గరికి జహీరాబాద్ పోతూ తన కంప్యూటర్ కూడా కట్టుకుపోయింది. రోజూ గదిలోకి వచ్చి, "ఏందే ఆగీ, ఇయ్యాల గూడ పప్పుచారేనా, నీ ఇంట్ల కూరగాయలకు కర్ఫ్యూ పెట్టిన్రా" అని లొల్లి చేసేది. ఎండలు ముదరకముందు, "ఇల్లు మారుతున్నం, డబ్బ మూటగట్టిన. పోయినంక తెరుస్త. నువ్వు ఆడనే ఉండు, ఎటు పోకు" అని రాసింది. అదే ఆఖరు. కార్డు రాస్తే తిరిగొచ్చింది. "ఫోన్ చెయ్యరాదు అత్తా" అని నువ్వు గదిలో రాశావు. ఫోన్‌లో కుదరదు, అని రాశాను.

ఆమె కంప్యూటర్ డబ్బాలో ఉన్నది పాత సాఫ్ట్‌వేర్. కొత్తది వేసేదెవరు? ఒకరోజు మూట విప్పి నీలం బొమ్మ నొక్కుతుంది. పాత గదికే వస్తుంది. నేను కొత్త గదిలో ఉంటాను. ఇక్కడ నేను, అక్కడ ఆమె, ఇద్దరం తెర ముందే కూర్చుని ఉంటాం. ఉండమంటే పోయింది ఆగి అనుకుంటుంది.

మా ఆయన శివయ్య పత్తర్‌గట్టిలో సీతారాం సేఠ్ బట్టల దుకాణంలో పనిచేసేవాడు కదా. దుకాణం గుల్జార్ హౌజ్ వైపు మారినప్పుడు సేఠ్ పాత షట్టర్ మీద బోర్డు రాయించాడు. చదువు రానివాళ్ల కోసం మా ఆయనను ఆ మెట్టు మీద కూర్చోబెట్టాడు. పండుగల గిరాకీ అయ్యేదాకా అదే పని. ఖాళీ దుకాణానికి కాపలానా అని నేను ఎగతాళి చేస్తే, "నిన్నొచ్చిన ముసల్ది ఇయ్యాల మల్ల పాత జాగకే వచ్చింది. నేను లేకుంటే ఏడ్చుకుంట ఇంటికి పోతుండె" అనేవాడు. చెయ్యి పట్టుకుని కొత్త దుకాణం దాకా తీసుకుపోయేవాడు.

మార్చవద్దని రాయాలనే కూర్చున్నాను. రాస్తుంటే తెలిసింది, మార్చకపోతే పరాయివాళ్లు తాళం వేసినరోజు అందరం రోడ్డు మీద పడతాం. మార్చండి. కానీ చప్పుడు చేయకుండా మార్చకండి. కొత్తది తెరవగానే, గది అటు పోయింది, వస్తావా అని అడగాలి. పాత గది తలుపు మీద కొత్త చిరునామా పెట్టండి, ఆ నెట్‌వర్క్ కొత్తవాళ్లు తీసేస్తే మళ్లీ పెట్టండి. నా డబ్బాలో మాత్రం పాతదే ఉంచు. ఆ మెట్టు మీద నేను కూర్చుంటాను. ఈ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు, అందరిదీ అని సెంటర్‌లో మీరే చెప్పారు. ఆ అందరిలో నేనూ ఉంటే, ఆదివారం లోపు నా సరే వెనక్కి తీసి ఈ మాట అందరికీ రాయి.

వాన వచ్చేలా ఉంది, బట్టలు తీయాలి. గొడుగు లేకుండా బండి మీద తిరగకు.

నీ మేలు కోరే
ఆగమ్మత్త

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నాకు వినబడదు సాగర్. పోయిన వానాకాలం జ్వరం తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు మొత్తం పోయింది. ఆదివారం నీ పెదాలు కదలడమే చూశాను. నవ్వుతున్నావు కదా, మంచి మాటే అనుకుని తల ఊపాను. మా బిడ్డ మున్నీకి కూడా చెప్పలేదు. తెలిస్తే మలక్‌పేటలో తన దగ్గరికి తీసుకుపోతుంది, ఆ ఒక్క గది ఇంట్లో కంప్యూటర్‌కు జాగా లేదు. చాట్ గదిలో ఎవరికీ చెవులతో పని లేదు, అందుకే ఇంత గోల.

ఇంకొకటి. కొన్నాళ్లుగా తెలియని నంబరు ఒకటి నా బటన్ల ఫోన్‌లో వెలుగుతోంది. ప్రతిసారీ ఎత్తుతాను. బాగున్నా, అన్నం తిన్నా అని చెప్పి, కాసేపు పట్టుకుని పెట్టేస్తాను. యశోదేమో. ఒకసారి వచ్చి నా పక్కన కూర్చో. అది వెలిగినప్పుడు నీ చెవికి పెట్టుకో. ఆమే అయితే కొత్త గదికి దారి చెప్పు. ఏమన్నదో నాకు కాగితం మీద రాసి చూపించు.