స్కిమ్మర్ ఎంతది కొనమంటావు

చిన్నా,

మీ అన్నయ్య అలాగే ఉన్నారు. కళ్లు తెరుస్తున్నారు కానీ మాట లేదు. ఈ ఉత్తరం మాత్రం ఆయన చేపల తొట్టి గురించి. ఇలాంటప్పుడు వదినకు చేపల గోలేమిటని విసుక్కోకు.

ఉప్పునీళ్లలోని మురికిని నురగగా పైకి లాగే స్కిమ్మర్ ఆగిపోయింది. పగడాలు ముడుచుకుపోతున్నాయి. కొట్టుకు వెళ్లి, తొట్టిని మూరలేసి కొలిచానని చెబితే కొట్టాయన నవ్వాడు.

“తొట్టి ఒక్కటే చూస్తే చాలదమ్మా, చేపల్ని కూడా చూడాలి. ఉన్న నాలుగింటికీ చిన్నది చాలు. పెద్దది పెడితే నురగే సరిగా కట్టదు. సార్ ఇంకా చేపలు తెస్తానంటే మాత్రం పెద్దదే తీసుకోండి. తెస్తారా?” అన్నాడు.

డాక్టరుగారిని అడగడానికి నాకు నోరు రాని మాట, కొట్టాయన నన్ను అడిగేశాడు. కనుక్కుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఆసుపత్రికి వెళ్లి మీ అన్నయ్య చెవిలో అడిగాను, చిన్నదా పెద్దదా అని. నా వేలు పట్టుకున్నారు, అంతే. దాన్ని ఏమనుకోవాలో నాకు తెలియలేదు.

నీకు సెలవు దొరకదని తెలుసు. అయినా ఒక్కసారి వచ్చి నువ్వే ఏదో ఒకటి కొనిపెట్టు. చిన్నది కొనడానికి నాకు చేతులు రావడం లేదు.

వదిన