రాముడి అర్ధణా

1986 జులై, బుధవారం

విత్తనాలకు డబ్బు లేదని అత్త దేవుడి గూట్లోని రాముడి బొమ్మున్న అర్ధణా బిళ్ల తీసి, అమ్ముకురమ్మని నా చేతిలో పెట్టింది. కుంపిణీ దొరలు కొట్టించిందనీ, ఎంతకైనా పోతుందనీ ఆమె నమ్మకం. ఏటా శెనక్కాయలు విత్తే రోజున గంపలో ముందు అదే పడాలి.

పావగడలో వెండి అంగడి ఆచారికి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "కుంపిణీ వాళ్లు రాముడి బిళ్ల కొట్టనే లేదమ్మా. జాతరల్లో అమ్మేదానికి ఎవరో చేసినారు. ఉత్త రాగి," అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, అయినా కోపమొచ్చింది. బస్సులో దారి పొడవునా అత్తకేం చెప్పాలా అనే ఆలోచన.

అత్త గడపలోనే కూర్చుని ఉంది. "ఏమన్నాడమ్మా?"

"ఇట్లాంటిది అమ్మకూడదంట అత్తా. ఇంట్లోనే ఉండల్లంట."

అత్త ముఖం విప్పారింది. బిళ్లను కళ్లకద్దుకుని గూట్లో పెట్టేసింది. "అప్పుడు కరువులో మీ మామను గూడా పంపిస్తి. ఆయన గూడా వచ్చి ఇదే మాట చెప్పినాడు," అంది.

విత్తనాలకు ఇక నా కమ్మలే దారేమో, చూడాలి.

మామ పోయి నాలుగేళ్లు. బస్సులో ఆ అబద్ధం నేనొక్కదాన్నే అల్లాననుకున్నాను.