గిటారు మీద పేరు

తార్నాక,
ఆదివారం.

సుందరరావు గారికి,

చర్చిలో ఫ్యాన్ల మీద, బెంచీల మీద దాతల పేర్లు రాయించడం మీ కమిటీ అలవాటు. కాదనను. కానీ నేనిచ్చింది ఫ్యాను కాదండీ! హవాయి దీవుల కోఆ చెక్కతో కంపెనీ వంద మాత్రమే చేసిన గిటార్లలో ఒకటి. ఏడాది ఎదురుచూసి కొన్నాను. వెలుతురు పడితే ఆ చెక్కలో చారలు అలల్లా కదులుతాయి. వాటి మీద తెల్ల పెయింటుతో నా పేరా?

పెయింటర్‌ని అడిగితే, "దూరంకెల్లి కనపడాలని సుందరరావు సారే చెప్పిండు" అన్నాడు.

యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల కింద ఇరవై ఏళ్లు వాయించిన నా వేళ్లు ఇప్పుడు తీగలు నొక్కలేవు. గిటారు ఇంట్లో మూగగా పడి ఉండకూడదనే మీకిచ్చాను.

మన క్వయర్‌లో వాయించే సౌమ్య ఇవాళ క్యాంపస్ గేటు దగ్గర కనిపించింది. "అంకుల్, వాయిస్తే చెయ్యి తగిలి మీ పేరు చెరిగిపోద్దంట. బీరువాలో పెట్టి తాళం వేసేశారు" అంది.

థిన్నర్‌తో మాత్రం తుడిపించకండి, చెక్క పాడవుతుంది. తాళం తీసి గిటారు సౌమ్యకివ్వండి. నా పేరు పూర్తిగా చెరిగిపోయేదాకా వాయించమనండి.

ఇట్లు,
ఆ పేరు గలవాడు.