తోవ అడగని ప్రయాణం

2008 డిసెంబర్, ఆదివారం రాత్రి
నిజామాబాద్

దుబాయ్ కార్లన్నిటిలో ఉంటుందని బావ గొప్పగా చెప్పిన తోవ చూపే పెట్టెను ఇప్పుడు ఇక్కడి కార్ల షోరూంలోనూ బిగించి ఇస్తున్నారు. ఈరోజు దాన్ని నమ్ముకుని, చెప్పాపెట్టకుండా, బోధన్ అవతల చిన్నమ్మ ఊరికి కొత్త కారులో పోయాను.

చెరకు ఎదిగితే అక్కడ బాటలన్నీ ఒక్కలాగే ఉంటాయి. అందుకే చిన్నప్పుడు బాపు కాలువ వంతెన దగ్గర స్కూటర్ ఆపి, అక్కడ కూర్చున్నవాళ్లను తోవ అడిగేవాడు. వాళ్లు ముందు "ఎవరింటికి?" అనేవాళ్లు. నా చేతిలో ఓ చెరకు ముక్క పెట్టాకే తోవ చెప్పేవాళ్లు.

ఈరోజు ఎక్కడా ఆగలేదు. తీరా చూస్తే ఇంటికి తాళం.

"మీ ఇంటికే పోయింది గదన్నా, పొద్దుగాల బస్సుకు. వంతెన కాడ ఎవర్నడిగినా చెప్తుండిరి," అంది పక్కింటామె.

వెనుదిరగబోతుంటే చిన్నమ్మ బస్సు దిగి వస్తోంది. మాకని తీసుకుపోయిన బెల్లం సంచి చేతిలో అలాగే ఉంది.

"ఇల్లు దొర్కలే బిడ్డా. మీ కాలనీల అందర్ని అడిగిన. నువ్వెవలో ఎవ్వలకు ఎరుకలేదన్నరు."

తిరుగు ప్రయాణంలో పెట్టె ఒక్క మలుపూ తప్పకుండా మా గేటు ముందుకు తెచ్చింది. ఎదురింట్లో ఇంకా లైటు వెలుగుతోంది. వాళ్ల పేరేమిటో నాకూ...