తలూపని ముసలాయన

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. డాక్టరు చదువులో చేరిన నీ కూతురు నిన్న ఫోన్ చేసింది.

"మావా, ఒంటి కట్టుబడినీ అనాటమీయే అంతారు, శవాన్ని కోసి నేర్సుకోడాన్నీ అనాటమీయే అంతారు. పేపరోళ్లయితే ఎలచ్చన్ల లోగుట్టుకీ అదే మాట. ఆ కోత నావల్ల కాదు, సదువు మానేత్తాను."

"ఏటయిందే?"

"పండక్కి మేక మీద నీళ్లు సల్లితే, అది తలూపాకే కదా అయ్య కత్తెట్టేవోడు? బల్ల మీది ముసిలాయన తలూపడు. ఎలా కొయ్యను?"

"ఊపితే ముందు నువ్వే పారిపోతావే గుంటా!"

నవ్వలేదు. ఆయన శవాన్ని తీసుకెళ్లడానికి నా అన్నవాళ్లెవరూ రాలేదట.

"పోనీ, నేను సచ్చాక నన్ను కొయ్యండి. ఇదిగో, తలూపుతన్నాను," అన్నాను.

చాలాసేపు ఏడ్చి, క్లాసుకు వెళ్లింది.

ఈ మాట మీ చెల్లెలికి ఇంకా చెప్పలేదు. నీ సమాధి పక్కన నాకని ఉంచిన చోటులో ఇంకెవరినైనా పడుకోబెట్టుకో, బావా.